పాత బిట్‌కాయిన్ మైనర్‌ను గోదావరి చెమ్మలో బతికించుకోవడం ఎలా?

మా ఊరు పాలకొల్లుకు దగ్గర. ఇంటికి ఒక పక్క పంట కాలువ, మరో పక్క రొయ్యల చెరువులు. వానాకాలంలో అగ్గిపుల్ల నాలుగుసార్లు గీస్తే గానీ వెలగదు, జాడీలో ఉప్పు నీరుకారుతుంది. ఇలాంటి చోట నేను కొన్న మొదటి పాత మైనర్ (బిట్‌కాయిన్ నాణేల కోసం ఆగకుండా లెక్కలు కట్టే యంత్రం) పది సెకన్లు కూడా నడవలేదు. శ్రావణ మాసంలో తెచ్చాను. గోనెసంచిలో చుట్టి మూడు వారాలు వసారా గదిలో ఉంచాను. ఒక సాయంత్రం తీరిక దొరికిందని నేరుగా ప్లగ్గు పెట్టాను. ఫ్యాన్లు హోరుమని లేచాయి, ఆ వెంటనే కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే ఒక బోర్డు అంచున, కేబుల్ గుచ్చే పిన్నుల చుట్టూ, ఇత్తడి చెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము. ఆ బోర్డు పాతబడి పోలేదు, తడిసి పోయింది.

అప్పటి నుంచి నేను నేర్చుకున్నదంతా ఆ చిలుము చుట్టూనే తిరుగుతుంది. నడుస్తున్న మైనర్ తన వేడితో తానే ఆరుతుంది. ఆగిన మైనర్ చెమ్మ తాగుతుంది. మన డెల్టాలో పాత యంత్రాలు ఎక్కువగా పాడయ్యేది ఖాళీగా ఉన్న రోజుల్లోనే. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఈ సంగతి గుర్తుంచుకోండి.

ముందు లెక్క చూసుకోండి

ఈ సరదాకు అందరూ మొదట చేపట్టేది యాంట్‌మైనర్ ఎస్9. 2016లో వచ్చింది. సెకనుకు సుమారు 13.5 టెరాహాష్‌లు (హాష్ అంటే ఒక లెక్క, టెరా అంటే లక్ష కోట్లు) లెక్కిస్తుంది, సుమారు 1,350 వాట్లు లాగుతుంది. అంటే రోజంతా నడిపితే 32 యూనిట్లు. 2022లో మన రాష్ట్రంలో వచ్చిన టారిఫ్‌లో 400 యూనిట్లు దాటిన ఇంటి వాడకానికి యూనిట్‌కు 9.75 రూపాయలు. ఆ ధరకు రోజుకు 312 రూపాయల కరెంటు.

మరి రాబడి? బిట్‌కాయిన్‌లో రోజుకు సగటున 144 బ్లాకులు (లావాదేవీల కట్టలు) వస్తాయి, ఒక్కో బ్లాకును కనుక్కున్న మైనర్‌కు బహుమతి ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి బ్లాకుకు బహుమతి 3.125 నాణేలు. మొత్తం రోజుకు 450. 2025లో ప్రపంచంలోని మైనర్లన్నిటి బలం సెకనుకు 900 ఎక్సాహాష్‌లు (ఒక ఎక్సా అంటే పది లక్షల టెరాలు) దాటింది. అందులో ఒక ఎస్9 వాటా పది కోట్లలో ఒకటిన్నర వంతు. 450ని దానితో గుణిస్తే రోజుకు 675 సతోషీలు (సతోషీ అంటే నాణెంలో పది కోట్లవ వంతు). నాణెం కోటి రూపాయలు పలికినా అది 67 రూపాయలే. 67 కోసం 312 ఖర్చు పెట్టే వ్యాపారం ఎవరూ చేయరు. కాబట్టి దీన్ని రేడియో బాగుచేసుకోవడం లాగా, పాత స్కూటర్‌ను నడిపించుకోవడం లాగా చూడండి. డబ్బు కోసమైతే ఇక్కడే ఆగిపోండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో చెరువు మీటరుకు రాయితీ ధర ఉంది, పొలం మోటారుకు ఉచిత కరెంటు ఉంది. ‘ఆ లైను మీద పెట్టుకుంటే సరిపోతుంది కదా’ అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. పెట్టకండి. ఒక అవసరానికి ఇచ్చిన కరెంటును ఇంకొకదానికి వాడటం 2003 విద్యుత్ చట్టం ప్రకారం అనధికార వినియోగం, జరిమానా పడుతుంది. చట్టం సంగతి అటుంచినా, అది రైతు కోసం జనం కడుతున్న డబ్బు. ఇంటి మీటరు మీదే, తక్కువ వాట్లలో, రోజుకు కొన్ని గంటలు నడుపుకోండి. ఇంటిపైన సోలార్ పలకలుంటే పగటిపూట మిగిలే కరెంటు దీనికి బాగా సరిపోతుంది.

కొనేటప్పుడు

అమ్మేవారిని మూడు విషయాలు అడగండి. ఎంతకాలం ఆగి ఉంది? ఎక్కడ ఉంచారు? మూడు హ్యాష్ బోర్డులూ (లెక్కలు కట్టే చిప్‌లున్న పలకలు) చిప్‌లను చూపిస్తున్న తెర ఫొటో ఉందా? ‘నిన్నటి వరకూ నడిచింది’ అన్న మురికి యంత్రం ‘రెండేళ్లుగా భద్రంగా దాచాం’ అన్న మెరిసే యంత్రం కంటే మేలు. దుమ్మును దులపవచ్చు. లోపలికి పాకిన చిలుమును వదిలించడం కష్టం. ఒక బోర్డు చనిపోయినదైనా ధర తగ్గితే తీసుకోండి, విడి చిప్‌లకు అదే గని.

పవర్ సప్లై విడిగా వస్తుంది. ఎస్9కు మామూలుగా జతచేసేది ఏపీడబ్ల్యూ3 రకం, 12 వోల్టులు ఇస్తుంది. దాన్ని వాసన చూడండి. కాలిన వాసన ఉన్నా, కదిపితే లోపల ఏదైనా గలగలలాడినా వద్దు. దాన్ని విప్పి బాగుచేసే ప్రయత్నం కూడా చేయకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది.

కరెంటు ఏర్పాటు

16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా ఒక ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. పొడిగింపు పెట్టె మీద ఎప్పుడూ పెట్టవద్దు. మన దగ్గర నేలలో నీరు పైనే ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా పనిచేస్తుందనుకుంటాం. కానీ ఉప్పునేలలో ఆ కడ్డీ, దాని బోల్టు తుప్పు తింటాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించండి.

సాయంత్రం చెరువుల్లో ఏరేటర్లు తిరగడం మొదలుపెట్టాక మా వీధిలో వోల్టేజీ 200కు దిగువకు జారుతుంది. ఈ పవర్ సప్లై పూర్తి బలం ఇచ్చేది 200 నుంచి 240 వోల్టుల మధ్యే. కాబట్టి ఆ వేళల్లో నేను మైనర్‌ను ఆపుతాను, లేదా వాట్లు బాగా తగ్గిస్తాను.

12 వోల్టుల వైపు షాక్ కొట్టదని నిర్లక్ష్యం వద్దు. అక్కడ పారేది వంద ఆంపియర్లకు పైగా. ఉంగరం గానీ గాజు గానీ అడ్డుపడితే అక్కడికక్కడే ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. చేతికి ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టి కూర్చోండి.

విప్పడం, కడగడం, ఆరబెట్టడం

ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగండి. ప్రతి కేబుల్ ఎక్కడిదో ఫోనుతో ఫొటో తీసుకోండి. ముందూ వెనకా ఉన్న ఫ్యాన్లు, పైనున్న కంట్రోల్ బోర్డు, ఆ తర్వాత మూడు హ్యాష్ బోర్డులు, ఈ వరుసలో తీయండి. బోర్డును అంచులతోనే పట్టుకోండి. చిప్‌ల మీద అతికించి ఉన్న హీట్‌సింకులు (వేడిని లాగే లోహపు ముక్కలు) పాతబడ్డాక తేలికగా ఊడతాయి. ఊడినది పక్కదానికి తగిలితే షార్టే. అన్నిటినీ వేలితో మెల్లగా తాకి చూడండి. కదిలినదాన్ని వేడిని మోసే జిగురుతో మళ్లీ అతికించి, జిగురు పూర్తిగా గట్టిపడేదాకా బోర్డును కదపకండి.

దుమ్ముకు మెత్తటి కుంచె, బ్లోయర్ చాలు. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి ఉంచండి. గాలికి ఊరికే తిరిగిన ఫ్యాను కరెంటు పుట్టించి వెనక్కి పంపుతుంది. కోనసీమ వైపు కొబ్బరి పీచు పరిశ్రమల దగ్గర నడిచిన యంత్రాల్లో పీచు పొడి హీట్‌సింకుల మధ్య గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ముందు పొడిగానే ఊడదీయండి, తడిపితే పేస్టవుతుంది. రైసు మిల్లుల దగ్గరి తవుడు దుమ్ముకూ ఇదే పద్ధతి.

చిలుముకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ వాడండి. పిన్నుల దగ్గర, రిబ్బన్ కేబుల్ గుచ్చే చోట, చిప్‌ల అంచుల్లో ఓపికగా రుద్దండి. పెట్రోలు, థిన్నర్ వద్దు. కుళాయి నీళ్లు అసలే వద్దు, మన నీళ్లలో ఉప్పు ఉంది.

తరువాత ఆరబెట్టడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. మూతపెట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో బోర్డులను నిలబెట్టి, చుట్టూ సిలికా జెల్ పొట్లాలు పెట్టి రెండు రోజులు వదిలేయండి. వానాకాలమైతే మూడు రోజులు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. మైనర్ బోర్డుతో ఆ పని చేయకండి. తవుడు పొడి ప్రతి సందులోకీ చేరుతుంది, దాని వెనకే చీమలు వస్తాయి.

ఒక్కొక్కటిగా పరీక్షించడం

కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటర్‌ను ఓమ్‌లకు తిప్పి, ప్రతి హ్యాష్ బోర్డు 12 వోల్టుల సాకెట్‌లో ప్లస్, మైనస్ మధ్య కొలవండి. దాదాపు సున్నా చూపిస్తే ఆ బోర్డు షార్ట్‌లో ఉంది, పక్కన పెట్టండి. నా మొదటి బోర్డుకు ఈ ఒక్క కొలత తీసుకుని ఉంటే అది బతికేది.

మొదట కంట్రోల్ బోర్డు, ఫ్యాన్లు మాత్రమే కలపండి. రౌటర్ నుంచి లాన్ కేబుల్ పెట్టి, రౌటర్ పేజీలో కొత్తగా చేరిన పరికరం ఐపీ చిరునామా చూసి, ఫోను బ్రౌజర్‌లో తెరవండి. పేజీ వస్తే కంట్రోల్ బోర్డు బాగున్నట్టే. ఇప్పుడు ఆపి, ఒక హ్యాష్ బోర్డు కలపండి. ప్రతి బోర్డుకు మూడు పవర్ కనెక్టర్లుంటాయి. మూడూ పెట్టాలి, మూడూ ఒకే పవర్ సప్లై నుంచే రావాలి. రెండు వేర్వేరు సప్లైలను ఒక బోర్డుకు ఎప్పుడూ కలపకూడదు.

ఒక్కో బోర్డులో 63 చిప్‌లు, మూడు బోర్డులకు 189. ఆ పేజీలోని లాగ్‌లో (యంత్రం రాసుకునే చిట్టాలో) ఆ బోర్డు ఎదుట 63 అని కనిపిస్తే పండగే. సున్నా కనిపిస్తే కంగారుపడకండి, ముందు రిబ్బన్ కేబుల్ మార్చి చూడండి. నా బల్ల మీదికి వచ్చిన చనిపోయిన బోర్డుల్లో చాలావాటికి రోగం ఆ కేబుల్‌లోనే, లేదా దాని పిన్నుల్లోనే ఉంది. అప్పటికీ సున్నా అయితే ఆ బోర్డును కంట్రోల్ బోర్డు మీది ఇంకొక సాకెట్‌కు కలపండి. అక్కడ పనిచేస్తే తప్పు కంట్రోల్ బోర్డుది.

44 దగ్గర ఆగిన బోర్డు

సున్నాకూ 63కూ మధ్య ఏదో అంకె చూపించే బోర్డే నాకు అన్నిటికంటే ఇష్టం. రోగం ఎక్కడుందో అది అంకెతోనే చెబుతుంది.

లోపల ఏర్పాటు ఇలా ఉంటుంది. 63 చిప్‌లు మూడేసి చొప్పున 21 గుంపులు. ఈ గుంపులు పూసల దండలాగా ఒకదాని తర్వాత ఒకటిగా వోల్టేజీని పంచుకుంటాయి. బోర్డులోని పవర్ భాగం సుమారు 9 వోల్టులు ఇస్తే, గుంపుకు 0.4 వోల్టులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఆజ్ఞలు మొదటి చిప్ నుంచి చివరిదాకా వెళతాయి, జవాబులు చివరి నుంచి మొదటికి వస్తాయి. అంకె 44 దగ్గర ఆగిందంటే 45వ చిప్ జవాబు 44కు చేరడం లేదు.

పోయిన కార్తీకంలో ఒక బోర్డు సరిగ్గా అలాగే 44 చూపించింది. 43, 44, 45 కలిసి పదిహేనో గుంపు. ముందు గుంపుల వోల్టేజీ కొలిచాను. పద్నాలుగో గుంపు 0.41, పదిహేను 0.41, పదహారు 0.42. ఒక గుంపులో సున్నా ఉంటే చిప్ షార్ట్, మిగతావాటికంటే బాగా ఎక్కువుంటే ఎక్కడో తెగింది. ఇక్కడ రెండూ కాదు. అంటే చిప్ బతికే ఉంది, దారి మూసుకుపోయింది. తరువాత జవాబు వచ్చే బిందువు దగ్గర కొలిచాను. ఆరోగ్యంగా ఉంటే అక్కడ 1.8 వోల్టులకు దగ్గరగా రావాలి. 45 వైపు 1.78. 44 వైపు 0.3.

ఇక్కడ కొత్తవారు పొరపడే ఒక సంగతి ఉంది. ఈ కొలతల్లో మల్టీమీటర్ నల్ల తీగ బోర్డు మైనస్ మీద కాకుండా ఆ గుంపు సొంత మైనస్ మీద ఉండాలి. దండలో ప్రతి గుంపూ వేరే మెట్టు మీద కూర్చుని ఉంది. కింది మెట్టు నుంచి కొలిస్తే ప్రతిదీ తప్పుగానే కనిపిస్తుంది. మూడు సాయంత్రాలు పోగొట్టుకున్నాక నాకు ఇది తెలిసింది.

భూతద్దం పెట్టి 45వ చిప్ అంచు చూస్తే, ఆవగింజలో సగమంత పచ్చటి చుక్క. ఆల్కహాల్‌తో కడిగి, కాస్త ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేలా చేసే పేస్టు) రాసి, సన్నటి సోల్డరింగ్ మొనతో ఆ అంచును ఒక్క క్షణం తాకాను. ఆరాక మళ్లీ పెడితే 63. మా అమ్మాయి పరీక్షలో మొదటి మార్కు తెచ్చినంత సంతోషం వేసింది.

చిప్ నిజంగానే చచ్చిపోతే మార్చాలి. దానికి వేడిగాలి స్టేషన్, కిందనుంచి బోర్డును వెచ్చబెట్టే పలక, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. సీసం లేని సోల్డర్ కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి, హీట్‌సింకులున్న బోర్డు ఆ వేడిని పక్కలకు లాగేస్తుంది. మొదటిసారి మీరే చేయకండి. భీమవరం, అమలాపురం, కాకినాడ లాంటి ఊళ్లలో ఫోన్ల బోర్డులు బాగుచేసేవారి దగ్గర మైక్రోస్కోపు ఉంటుంది. చచ్చిన బోర్డు నుంచి ఒక చిప్, ఈ కొలతలు రాసిన కాగితం తీసుకెళ్లండి. ‘పనిచేయడం లేదు’ అని ఇస్తే వారికి రోజంతా పడుతుంది. ‘32వ చిప్ షార్ట్, పదకొండో గుంపు సున్నా’ అని ఇస్తే పని నేరుగా మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్, పూల్

పాత యంత్రంలో ఉన్న ఫర్మ్‌వేర్‌ను (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను) నమ్మకండి. కొన్నింటిలో మీ పనిలో కొంత భాగాన్ని చడీచప్పుడు లేకుండా ఎవరి ఖాతాకో మళ్లించే మార్పులు ఉంటాయి. ఏ ఫర్మ్‌వేర్ అయినా, దాన్ని రాసిన సంస్థ సొంత సైటు నుంచే తెచ్చి కొత్తగా ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చండి. ఎస్9కు నాకు నచ్చింది బ్రెయిన్స్ ఓఎస్. దాన్ని మెమరీ కార్డులో రాసి, కంట్రోల్ బోర్డు మీద జేపీ4 జంపర్‌ను (పిన్నులను కలిపే చిన్న తొడుగును) కార్డు వైపు మారిస్తే కార్డు నుంచే లేస్తుంది. ఎన్ని వాట్లు వాడాలో మీరే చెప్పవచ్చు, ఆ వాట్లకు ప్రతి చిప్ వేగాన్నీ అదే సర్దుకుంటుంది. నేను 700 వాట్ల దగ్గర ఉంచుతాను. సగం కరెంటుకు సగానికంటే ఎక్కువ పని చేస్తుంది, ఫ్యాన్ల హోరు తగ్గుతుంది, పాత చిప్‌ల మీద భారం తగ్గుతుంది. చిప్‌ల వేడి 85 డిగ్రీలు దాటనివ్వను.

మామూలు పూల్‌లో (చాలామంది కలిసి మైనింగ్ చేసి రాబడి పంచుకునే చోట) చేరితే రోజూ కొన్ని సతోషీలు జమవుతాయి. ఒంటరిగా ప్రయత్నించాలంటే సోలో సీకేపూల్ లాంటివి ఉన్నాయి, వాడుకరి పేరు దగ్గర మీ బిట్‌కాయిన్ చిరునామా ఇస్తే చాలు. పూర్తి వేగంతో నడిపే ఒక ఎస్9కు, పై లెక్క ప్రకారం, సగటున ఒక బ్లాకు దొరకడానికి 1,260 ఏళ్లకు పైగా పడుతుంది. అది తెలిసీ నేను ఒంటరిగానే నడుపుతాను. నాకు కావాల్సింది లెక్క తిరుగుతూ ఉండటమే. ఏదైనా దొరికి అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను ఉంది, మైనింగ్‌కు పెట్టిన ఖర్చును అందులో తీసివేయనివ్వరు. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా పడుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఎలా కాపాడాలి

పూర్తి వేగంలో దీని చప్పుడు పిండిమర పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. పడకగదికి, పొరుగింటి కిటికీకి దూరంగా పెట్టండి. కొబ్బరి డొక్కలు, గడ్డి, గోనెసంచులు ఉన్న కొట్టంలో పెట్టవద్దు. లంక గ్రామాల్లో ఉన్నవారు గోదావరి వరద గుర్తు కంటే పైన అల్మరా చూసుకోండి. చల్లగాలి నీడ వైపు నుంచి లోపలికి రావాలి, వేడిగాలి కిటికీలోంచి బయటికి పోవాలి. ఆ రెండూ కలిస్తే యంత్రం తన వేడినే మళ్లీ పీలుస్తుంది. ఇది తట్టుకునేలా చేసిన గది వేడి 40 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నాల్లో ఆపేయండి.

రెండు వైపులా సన్నటి ఇనుప జాలీ బిగించండి. బల్లులకు ఆ వెచ్చదనం ఇష్టం. ఒక బల్లి రెండు హీట్‌సింకుల మధ్య దూరితే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. జాలీ ఉంటే పిల్లల వేళ్లు కూడా లోపలికి పోవు, ఆ ఫ్యాన్లు నిమిషానికి 6,000 చుట్ల దాకా తిరుగుతాయి. ఉరుములు మొదలైతే పవర్ ప్లగ్గుతో పాటు లాన్ కేబుల్ కూడా తీసేయండి, పిడుగు ఇది ఏ తీగ అని చూసుకోదు.

జూన్ నుంచి నవంబరు దాకా రోజుకు కనీసం రెండు గంటలు, తక్కువ వాట్లలోనైనా నడపండి. తుపాను వల్ల కరెంటు రెండు మూడు రోజులు పోతే, వచ్చిన వెంటనే పెట్టకండి. తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌ను చల్లగాలి మీద ఉంచి ముందు వైపు నుంచి ఇరవై నిమిషాలు ఊదండి, రిబ్బన్ కేబుళ్లు తీసి పిన్నులు చూడండి, ఓమ్‌లు కొలవండి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. వారం మించి ఊరికి వెళుతుంటే బోర్డులు విప్పి సిలికా జెల్ డబ్బాలో పెట్టి మూత బిగించండి. జెల్ గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారితే తడి పీల్చినట్టు. మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద, కిటికీ తెరిచి, నీలం తిరిగి వచ్చేదాకా వేయించండి. ఆ మూకుడును మళ్లీ వంటకు వాడకండి.